సైదులు రేడియో సంఘం

సైదులుకు కుడిచెవి పక్కన జుట్టు పలచబడింది. పొద్దంతా కృష్ణా నదిలో పుట్టి పడవ నడిపి వచ్చి, తడి చేతులు పంచెకు తుడుచుకుని, రేడియోకున్న రెండు చెవిగొట్టాల్లో ఒకటి అక్కడే అదిమిపెట్టుకుంటాడు. రెండోది అతని దోస్తు యాసీన్‌ది. హుజూర్‌నగర్‌లో గడియారాలు బాగుచేసే యాసీన్ పాత సామానంతా పోగేసి ఆ రేడియో కట్టాడు. ఇద్దరూ కలిసి ఊళ్లో రేడియో సంఘం పెట్టారు. గొట్టాలు రెండే కాబట్టి ఇద్దరు వింటుంటే మిగతావాళ్లు వంతు కోసం గడప బయట కూర్చునేవాళ్లు, పటేలైనా సరే.

పోలీస్ యాక్షన్ అయిన వారంలో, బ్యాటరీ నింపించుకొస్తానని పోయిన యాసీన్‌ను రజాకారని దారిలోనే చంపేశారు. ఏట్లో కొట్టుకుపోతున్న శవాన్ని చూసింది సైదులు ఒక్కడే. పుట్టి తిప్పి చేయి చాచాడు, అందలేదు. ఆ సంగతి యాసీన్ తల్లి షరీఫా బీకి చెప్పడానికి నోరు రాలేదు. తప్పిపోయినవాళ్ల పేర్లు రేడియోలో చదువుతారని ఎవరో అంటే, అప్పటినుంచి ఆమె రోజూ వచ్చి రెండో గొట్టం చెవిన పెట్టుకుంటుంది. బ్యాటరీ లేదని ఆమెకు తెలియదు.

ఒకనాడు అడిగింది.

"నా దాంట్ల ఏం ఇనొస్తలేదు బిడ్డా. నీ దాంట్ల వస్తాందా?"

"వస్తాందమ్మా. పేర్లు ఇంక చదువలే. పాటలొస్తున్నయ్."

"మావోనికి పాటలంటే పానం. జర పెద్దగ పెట్టు."

సైదులు మర చివరిదాకా తిప్పాడు. షరీఫా బీ కళ్లు మూసుకుని, మెల్లగా తల ఊపసాగింది.