ఎమ్మిగనూరులో నేను లెంపలేసుకున్న వైనం

ఇరవై రెండేళ్ల వయసులో నాకు ఉద్యోగం తాత్కాలికం, అభిప్రాయాలు మాత్రం పర్మనెంటు (అని నా నమ్మకం). ఎనభైల మొదట్లో ఎమ్మిగనూరులో అన్నావదినల దగ్గర ఉంటూ ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. లెంపలేసుకోవడమంటే అల్లరి చేసిన పిల్లలు దేవుడి పటం ముందు చేసే పని అనుకునేవాణ్ణి. నిన్నటిదాకా గొంతు చించుకుని చెప్పినదాన్ని పదిమంది ముందు అదే గొంతుతో వెనక్కి తీసుకోవడం కూడా అదేనని, అప్పుడు చెంపల కంటే లోపల ఎక్కువ మండుతుందని ఆ ఏడాదే తెలిసింది.

సూర్యగ్రహణం వస్తోందన్నారు. ఆ సమయంలో తింటే ఏమీ కాదని క్లాసులో చెప్పి ఊరుకోవచ్చు కదా, బజారులో నిలబడి తిని చూపిస్తానని సవాలు చేశాను. అన్న నవ్వి ఊరుకున్నాడు. ఆరో నెల కడుపుతో ఉన్న వదిన మాత్రం శ్రద్ధగా విన్నది. అంతకుముందు రెండు కాన్పులు పోయిన మనిషి. గ్రహణం విడిచేదాకా చీకటి గదిలో కదలకుండా పడుకోవాలని, గుక్కెడు నీళ్లు కూడా తాగకూడదని మా అమ్మ ఆమెకు గట్టిగా చెప్పి పెట్టింది.

గ్రహణం నాడు ఊళ్లో ఒక్క హోటలూ తెరవరన్న సంగతి ఇంత సైన్సు చదివినవాడికి ముందు తట్టనే లేదు. తట్టేసరికి ముందురోజు సాయంత్రమైంది. బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీలు కట్టించుకుని డబ్బాలో దాచాను. మర్నాడు మధ్యాహ్నం ఖాళీ బజారులో నిలబడి, కిటికీ సందుల్లోంచి చూస్తున్న జనం కోసం ఆ పాచి ఉగ్గాని గింజ మిగల్చకుండా తిన్నాను. సూర్యుణ్ణి పట్టిన గ్రహణం విడిచింది గానీ నా కడుపును పట్టింది విడవలేదు. మూడు రోజులు వాంతులు. పాచిది తిన్నందుకని ఎంత మొత్తుకున్నా ఒక్కడూ వినలేదు.

నాలుగో రోజు హెడ్మాస్టరు పిలిపించారు. పిల్లల తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారనీ, ప్రార్థనప్పుడు అందరి ముందూ లెంపలేసుకుంటే సరి, లేకపోతే రేపటినుంచి రావద్దనీ తేల్చేశారు. లెంపలేసుకున్నాను. గ్రహణంలో తినడం తప్పని, తింటే కీడని నేనే చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు (అది మరీ ఘోరం).

సాయంత్రానికి ఆ కబురు ఇల్లు చేరింది. వదిన పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

"నీ మాట నమ్మే ఆ పొద్దు దొంగతనంగా నీళ్లు తాగినానప్పా. ఇప్పుడు తప్పంటాండావంట. నా బిడ్డకేమన్నా అయితే?"

ఉద్యోగం కోసం అబద్ధమాడానని ఒట్టు వేశాను.

"ఉద్యోగం కోసం ఆడ అబద్ధం సెప్పినోడివి, నన్ను ఊరుకోబెట్టను ఈడ సెప్పవా?"

 కాన్పుదాకా ఆ మూడు నెలలూ వదిన సరిగ్గా తినలేదు, నిద్రపోలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మంత్రాలయం స్వామికి మొక్కుకుంటూనే ఉంది. మొక్కుకోవడానికి కూడా దిక్కులేని నాస్తికుణ్ణి, ఆమె ముఖం చూడలేక చచ్చిపోయాను.

ఆదోని ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. వదిన మొదట గ్రహణం మొర్రి ఉందేమోనని ఆ పసిదాని పెదవులు వేలితో తడిమి చూసుకుంది. తర్వాత వేళ్లన్నీ లెక్కపెట్టుకుంది. ఏ లోపమూ లేదు. అప్పుడు నన్ను దగ్గరకు పిలిచింది.

"ఆ పొద్దు నువ్వు లెంపలేసుకోబట్టే స్వామి కాపాడినాడప్పా."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. మూడు నెలల తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. "అవును వదినా," అన్నాను.

ఆ ఇరవై రెండేళ్లవాడు ఇప్పుడు ఎదురైతే బడిలో చేసిన పనికి నాలుగు తిట్టాలనే ఉంటుంది. ఆసుపత్రిలో అన్న ఆ ఒక్క అబద్ధానికి మాత్రం వాణ్ణి ఏమీ అనలేను.