ఎథీనా మీద కోపంతో నేసిన జానెడు

మా అమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచీ మగ్గం నేస్తూనే ఉంది. నేసిన ప్రతి చీరా షావుకారుకే పోయింది. కడప జిల్లాలోని మా ఊళ్లో అదేం వింత కాదు, నేసేవాళ్ల ఒంటి మీద ఎప్పుడూ అంగట్లో కొన్న చీరే. అలాంటిది పోయిన మాఘంలో, కమలాపురంలో తన చెల్లెలి కూతురి పెళ్లికి తన చీర తానే నేసుకుంటానని పట్టుబట్టింది. "ఈ చీరకు ఎవురూ వంక పెట్టకూడదు మే," అంది నాతో. మా బంధువులంతా నేతగాళ్లే. వాళ్ల కళ్లు చీర కట్టినామెను చూడవు, నేతను చూస్తాయి.

నేను బడిపంతులమ్మను. సాయంత్రాలు అమ్మ పక్కన కండెలు చుడుతూ, మర్నాడు పిల్లలకు చెప్పబోయే పాఠాన్ని ముందు ఆమె మీద ప్రయోగిస్తాను. ఆ నెల గ్రీకు దేవుళ్లు నడుస్తున్నారు. అమ్మ ఒక్కొక్కరికీ తీర్పు చెప్పేది. దేవతల రాజు జియస్ వలపుల చిట్టా విని, "వాని పెండ్లాం ఏం చేస్తాంటాది, అడగదా?" అంది. అడుగుతుందనీ, శిక్ష మాత్రం ఆ ఆడపిల్లలకే పడుతుందనీ చెబితే, "అదీ మనూర్లో మాదిరే," అని పేక దారం నడిపే నాడె విసిరింది. కొలిమి దగ్గర చెమటోడ్చే కుంటి దేవుడు హెఫెస్టస్ మాత్రం ఆమెకు బాగా నచ్చాడు. "పని చేసే దేవుడు ఆయప్పొక్కడే మాదిరుండాదే!"

ఒకరోజు నా బుద్ధి గడ్డి తిని అరాక్నీ కథ ఎత్తుకున్నాను. ఆమె నేతపిల్ల. నేతకు అధిదేవత అయిన ఎథీనాతోనే పందెం కాసింది. ఇద్దరూ నేశారు. పిల్ల నేసిన గుడ్డలో దేవతకు ఒక్క తప్పూ దొరకలేదు. ఆ మంటతో గుడ్డను చించి, పిల్ల నుదుటి మీద నాడెతో కొట్టి, చివరికి ఆమెను సాలెపురుగును చేసింది.

"చించిందా?" అంది అమ్మ. సాలెపురుగు సంగతి ఆమె వినిపించుకోనేలేదు. "తప్పు ల్యాకపోయినా చించిందా? నేసే దేవతే గుడ్డ చించితే ఇంగ ఆయమ్మకు ఎవురు మొక్కుతారు?" తిడుతూనే కొంగు నేస్తోంది. పేకను బిగించే పలక దడదడ మోగుతోంది. కథ ఇంత బాగా పండిందన్న సంబరంలో నేను ఇంకాస్త ఎగదోశాను.

తెల్లారి వెలుతురులో కొంగు మీద అరచేయి ఆడించి అమ్మ ఆగిపోయింది. జానెడు మేర నేత గట్టిపడింది. కోపంలో పలకను బలంగా కొట్టడంతో పోగులు బిగుసుకుపోయాయి. నాకైతే కళ్లద్దాలు పెట్టుకున్నా తేడా తెలియలేదు. వదిలేయమన్నాను. "నా చెయ్యికి తెలుస్తాండాది కదా," అని ఒక్కొక్క పోగూ విప్పడం మొదలుపెట్టింది. పెళ్లి మూడు రోజుల్లో ఉంది.

ఆమెకు కోపం తెప్పించింది నేనే. ఆమెను నవ్వించాలని పెనెలొపీ కథ చెప్పాను. మొగుడు యుద్ధానికి పోతే, తమను పెళ్లాడమని ఇంట్లో తిష్ట వేసినవాళ్లతో ఆమె ఈ గుడ్డ పూర్తయ్యాకే అందట. పగలు నేసి, రాత్రి విప్పుతూ మూడేళ్లు గడిపిందట.

అమ్మ పగలబడి నవ్వింది. "మూడేండ్లా! గంజంతా పోయి పడుగు నూగు లేస్తాది. నాలుగు తూర్లు విప్పితే పోగులు పటపట తెగుతాయి. కూచోని తినే మగోళ్లకు గుడ్డ సంగతేం తెలుసులే!" నవ్వుతూనే తన పడుగు చూసుకుంది. అప్పటికే నూగు లేస్తోంది. చేయి తీసేసింది. "పోనీలే, ఉండనీ," అంది. జానెడులో సగం అలాగే మిగిలిపోయింది.

పెళ్లిలో ఆడవాళ్లు కొంగు పట్టుకుని చూసి మెచ్చుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో చూపు ఆనని ఒక ముసలవ్వ వచ్చి, కొంగును వేళ్లతో తడుముతూ పోయి సరిగ్గా అక్కడ ఆగింది.

"ఈడ ఎవురి మింద కోపమొచ్చిందమ్మా నీకు?"

నేను తల దించుకున్నాను. అమ్మ మాత్రం అవ్వ పక్కన చతికిలబడి, "ఒక దేవత మిందవ్వా. చెప్తా విను," అని అరాక్నీ కథ మొదలుపెట్టింది. నేను చెప్పినదానికంటే ఎంతో బాగా చెప్పింది. తాళి కట్టే వేళకు ఆ మూలనున్న ఆడవాళ్లంతా ఎథీనాను తిడుతున్నారు.

అవ్వ కథంతా విని, ఆ చోటును మళ్లీ ఒకసారి వేలితో నిమిరింది.

"అయితే ఇంగా గట్టిగా కొట్టాల్సింది గదమ్మా," అంది.