కస్తూరి పసుపు మీద పడ్డ నింద

“ఆ అడవి పసుపు పీకెయ్యే. నా చేన్ల రంగంత గదే గుంజుకుంటుంది.”

“నీకు చేతుల్లేవా? నువ్వే పీక్కో పో.”

నేనూ నా పెనిమిటీ మాట్లాడుకున్న ఆఖరి మాటలివే. ఆయన చెంబు విసిరికొట్టి చేనుకు పోయాడు. మోటరు దగ్గర కరెంటు కొట్టింది. మంచం మీద వేసుకుని తెచ్చారు.

గొడవ ఎందుకొచ్చిందో చెబుతాను. నేను భీమ్‌గల్ వైపు పిల్లను. మాది తాతల నాటి నుంచీ పసుపు పండించే ఇల్లు. పెళ్లయి వచ్చేటప్పుడు మా అవ్వ నా కొంగున రెండు కస్తూరి పసుపు దుంపలు కట్టింది. అది కూరలో వేసేది కాదు, ఒంటికి రాసుకునేది. లోపల పాలిపోయి ఉంటుంది, విరిస్తే కర్పూరం వాసన. మా గుట్టల్లో తనంతట తానే మొలుస్తుంది. వానలు మొదలవగానే ఆకు కంటే ముందు నేలలోంచి గులాబీ రంగు పువ్వు పొడుచుకొస్తుంది. దాన్ని అత్తగారి చేను గట్టు మీద నాటుకున్నాను.

అత్తగారిది బోధన్ ఫ్యాక్టరీకి చెరకు వేసే ఇల్లు. చెరకు కలిసిరాక పసుపులోకి దిగారు. రెండేళ్లు కొమ్ము మంచి రంగు తిరిగింది. మూడో ఏడు నిజామాబాద్ మార్కెట్లో కుప్ప పోస్తే ఖరీదుదారు కొమ్ములు విరిచి చూసి, సగం ఎరుపు, సగం తెలుపు అని పక్కకు నెట్టాడు. మరునాడు పొద్దున్నే మా ఆయన కోపమంతా నా గట్టు మీద పడింది.

వాళ్ల లెక్క మక్కజొన్న లెక్క. పసుపు సాళ్ల నడుమ మక్క వేస్తాం కదా. పక్క చేనులో పచ్చ మక్క ఉంటే మన తెల్ల కంకుల్లో పచ్చ గింజలు పడతాయి. పసుపూ అంతే అనుకున్నారు. మక్క పెట్టేది గింజ, పసుపు పెట్టేది దుంప, నాటిన దుంపే మళ్లీ దుంపవుతుందని మొత్తుకున్నాను. వింటేనా! చెరకు ఇంటివాళ్లు నాకు పసుపు నేర్పారు.

దినం నాడు చుట్టాలందరి ముందు మా బావ, అంటే ఆయన అన్న, గడ్డపారతో గట్టంతా తవ్వేశాడు. “నా తమ్మున్ని మింగింది గీ గడ్డే. దీన్ని ఎవరు తెచ్చిండ్రో మీకెర్కనే,” అన్నాడు. అందరూ నా వైపు చూశారు. ఆ రోజు నుంచి నా చెయ్యి మంచిది కాదని విత్తనం పెట్టే నాడు నన్ను చేనులోకి రానివ్వరు. పసుపు ఇంట పుట్టినదాన్ని! తవ్విపోసిన మట్టిలోంచి రెండు దుంపలు ఏరుకుని బర్రెల కొట్టం వెనక పూడ్చాను.

కొన్నేళ్లకు యూనివర్సిటీ నుంచి ఒక మేడం అడవి పసుపు వెతుక్కుంటూ వచ్చింది. ఆకులోని జన్యువులు చూసి పసుపు జాతిలో ఏది దేనికి దగ్గర చుట్టమో, ఏది ముందు వేరు కాపురం పెట్టిందో తేలుస్తుందట.

“రక్తం జూసి బిడ్డ ఎవలదో చెప్పినట్టా?”

“అలాంటిదేనమ్మా.”

కొట్టం వెనక ఆకు తెంపి, తేమ పీల్చే తెల్ల పూసలున్న కవరులో వేసుకుంది. పోబోతుంటే సంచి పట్టుకున్నాను. “మా చేన్ల ఆకు గూడ తీస్కపో.”

“పొలం పసుపు నా దగ్గర చాలా ఉందమ్మా.”

“మాది లేదు గదా!”

నవ్వింది. చేనులో నాలుగు మూలలా తెంపించాను. ఏటా దాచి నాటుతున్నది ఆ మూడో ఏటి విత్తనమే.

మరుసటేడు ఒక కాగితం తెచ్చింది. దాని మీద చెట్టు కొమ్మల్లాగా గీతలు. నా వేలు పట్టుకుని చూపించింది. నా కస్తూరి, ఆమె మా భీమ్‌గల్ గుట్టల్లో తెంపుకున్న మొక్కతో ఒకే కొమ్మ మీద ఉంది. చేను పసుపు ఎక్కడో ఆ చివర ఉంది.

“రెండూ కలిసినయా?”

“లేదమ్మా. అయినా పొలం పసుపు గింజే కట్టదు, ఎలా కలుస్తుంది? కానీ మీ నాలుగాకులూ ఒక రకం కావు. రెండు ఇక్కడివి, రెండు మహారాష్ట్ర వైపు రకానికి దగ్గర. నాలుగాకులతో నేను ఒట్టేసి చెప్పలేను.”

ఆమె ఒట్టేయనక్కర్లేదు. ఆ మూడో ఏడు విత్తనం చాలకపోతే సరిహద్దు అవతలి నుంచి బస్తాలు తెచ్చింది మా బావ. తెచ్చి మా కుప్పలోనే గుమ్మరించాడు. మట్టి అంటిన దుంపలు, ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది? మార్కెట్లో సగం ఎరుపు, సగం తెలుపు తేలింది అందుకే.

కాగితం పట్టుకుని బావ ఇంటికి పోయాను.

“ఆకు మాట్లాడుతదా? నువ్వేం సదివినవని?” అన్నాడు.

“నేను సదవలే. గడ్డపార పట్టినప్పుడు నువ్వేం సదివినవ్ బావా?”

“సచ్చినోన్ని లేపుతదా గీ కాయితం?”

లేపదు. నన్ను తిట్టుకుంటూ పోయిన మనిషికి ఇది వినపడదు. ఆ మంట నాతోనే పోతుంది. కానీ దినం నాడు గట్టు చుట్టూ నిలబడ్డవాళ్లు ఇంకా బతికే ఉన్నారు కదా, వాళ్లకు చెవులున్నాయి కదా!

నువ్వు నా తమ్ముడి బిడ్డవు, నా మాట మార్చకుండా రాస్తానన్నావు. ఎల్లుండి విత్తనం పెడతారు, అందరూ చేను దగ్గర చేరతారు. నేనూ వస్తాను, ఎవరు ఆపుతారో చూస్తాను. ఇది అక్కడ గట్టిగా చదవాలి. బస్తాలు తెచ్చింది మా బావ అని రాశావా, ఎవరో తెచ్చారని రాశావా? ఆయనంటే నీకు భయమని నాకు తెలుసు. ఏదీ, మొదటి నుంచి చదువు బిడ్డా, వింటాను.