రూతమ్మ టీచరు కారు బ్రేకు హోసులు

2021 వేసవిలో గుంటూరులో మూసేస్తున్న ఒక స్పేర్ పార్టుల దుకాణం నుంచి గోనెసంచెడు బ్రేకు హోసులు బేరమాడి మూడో వంతు ధరకు తెచ్చాను. పచారీ కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. అమ్మినాయన చివరికి దణ్ణం పెట్టి, "ఇక తీసుకుపో నాయనా" అన్నాడు. అద్దంకిలో మా స్పేర్ పార్టుల షాపు మెట్టెక్కిన ప్రతివాడికీ ఈ కథ చెప్పుకున్నాను.

బ్రేకు లైనులో రెండు రకాలు. కారు అడుగున పోయేది స్టీలు పైపు. చక్రం దగ్గర కదలాలి కాబట్టి అక్కడ రబ్బరు హోసు. మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెడితే రంగు నిలుస్తుంది. రబ్బరు మాత్రం అరలో ఊరికే ఉన్నా ముసలిదవుతుంది. పైకి నిగనిగలాడుతూ లోపల బీటలిస్తుంది. ఇది నాకు తెలియక కాదు.

ఆ ఏడాదే రూతమ్మ టీచరుగారు వచ్చారు. కారుకు పదిహేనేళ్లు నిండాయి, మళ్లీ రిజిస్ట్రేషన్ కావాలంటే తనిఖీ ఉంటుంది. మెకానిక్ లైను మొత్తం మార్చమన్నాడట.

"అన్నీ కొత్తవే ఇవ్వు తమ్ముడూ. ధర మాత్రం పాతది వెయ్యి."

"అలా ఇస్తే నేను మీ చర్చి గేటు దగ్గర కూర్చోవాలక్కా."

"కూర్చో. ఆదివారం నీ పళ్లెంలో మొదటి పది నాదే."

స్టీలు పైపుల్లో నాకు మిగిలేదే తక్కువ. వాటి బదులు ఫ్రిజ్ రిపేరు వాళ్లు వాడే రాగి గొట్టం చవకే కానీ అదురుకి చిట్లుతుంది, అది నేనివ్వను. అందుకని తగ్గింపు హోసుల్లో చూపించాను, గోనెసంచిలోవి తీసిచ్చి. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూశారు.

"ISI ముద్ర ఉంది, సరే. ఈ అంకెలేంటి?"

"బ్యాచ్ నంబరక్కా."

నిజానికి అది హోసు తయారైన నెల, సంవత్సరం.

తనిఖీలో బండి పాసయింది. ఆయిల్ కారడం లేదని చూశారు, రబ్బరు వయసు ఎవరూ అడగలేదు. పత్తి తీతలప్పుడు వినుకొండ దారిలో ముందు ట్రాక్టరు ఆగితే ఆవిడ బ్రేకు తొక్కారు. హోసు పగిలి పెడల్ నేలకంటింది. కారును చేలోకి దించి ప్రాణం దక్కించుకున్నారు కానీ ఎడమ మణికట్టు విరిగింది. చర్చిలో కీబోర్డు వాయించే చేయి.

ఆసుపత్రికి వెళ్లి, ఆ అంకెలు తేదీ అని చెప్పాను.

"అప్పుడు తెలుసా నీకు?"

"తెలుసక్కా."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇంటికొచ్చి సంచిలోని హోసులన్నీ కోసి పారేశాను. అప్పట్నుంచి ముద్ర, తేదీ కొనేవాళ్ల చేతే చదివించి గాని హోసు ఇవ్వను.

కట్టు విప్పాక ఆవిడే వచ్చారు. ఆ పాత కారుకు సరిపడే హోసులు ఊళ్లో నా దగ్గరే ఉంటాయి. ఈసారివి కొత్తగా తెప్పించినవి. తేదీ ఆవిడే చదువుకున్నారు, నాలుగింటి మీదా. డబ్బులొద్దన్నాను.

"బిల్లు రాయండి" అన్నారు.

నన్ను 'అండి' అనడం అదే మొదలు. నాలుగు హోసులు, రెండు వేల ఒక వంద, నేను కొన్న ధర. రాసి, ఇవ్వకుండా కాసేపు ఆగాను. ఆవిడ ఒక్క రూపాయి కూడా తగ్గించమనలేదు.