కాయిల్ బండితో ఘాటు దిగిన రోజు

రిటైరు కావడానికి ముందటి ఏడాది, శ్రావణ మాసంలో, నన్ను యార్డు నుంచి డ్రైవర్ల శిక్షణకు మార్చారు. జంషెడ్‌పూర్ నుంచి ఉక్కు మోసే ఒక రవాణా సంస్థలో అప్పటికి నేను సీనియర్ సూపర్‌వైజర్ని. దూరపు ట్రిప్పులకు కొత్తగా వచ్చిన డ్రైవర్ల చేత ట్రిప్ ప్లాన్ వేయించడం, మొదటి ట్రిప్పులో పక్కన కూర్చుని వెళ్లడం నా పని. నేను సరే అంటేనే వాళ్లకు ఒంటరిగా బండి ఇచ్చేవారు.

ట్రిప్ ప్లాన్ అంటే దారి గీసుకోవడం ఒక్కటే కాదు. ఏ ఊళ్లో లారీలను ఏ వేళ రానివ్వరు, డీజిల్ ఎక్కడ, నిద్ర ఎక్కడ, లోడు బిగించిన గొలుసులు మళ్లీ చూసుకునేది ఎక్కడ, ఇవన్నీ బండి కదలకముందే తేలాలి.

ఆ వారం నాకు అప్పగించినవాడు సింహాచలం, జంషెడ్‌పూర్‌లోనే భుయ్యాడీహ్ పేట కుర్రాడు. తాతలు శ్రీకాకుళం వైపు వాళ్లు. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేవాడు. లోడు సంబల్‌పూర్‌కు. స్టీల్ కాయిల్, అంటే చుట్టగా చుట్టిన ఉక్కు రేకు. దాన్ని ట్రెయిలరు మీద పెట్టి, చెక్క దిమ్మలు అడ్డువేసి, గొలుసులతో బిగిస్తారు. అది జారిందంటే దానికి ఎదురుగా ఉండేది డ్రైవరు క్యాబినే.

ప్లాన్ తడుముకోకుండా చెప్పాడు. కెందుఝర్ దాటాక ఘాటు, అంటే కొండ దిగే మలుపుల దారి, మొదలయ్యే చోట పైన ఆగాలి, గొలుసులు చూడాలి, చిన్న గేరులో దిగాలి. గేటు దగ్గర పాత డ్రైవరొకడు నన్ను చూపిస్తూ, "తాత పక్కన కూకున్నాడు కదరా, బండి దానంతటదే ఎల్లిపోద్దిలే!" అని ఆటపట్టించాడు. సింహాచలం నవ్వలేదు.

మధ్యాహ్నం ముసురులో ఘాటు పైన ఆగాం. గొలుసులు గట్టిగానే ఉన్నాయి. దిగడం మొదలుపెట్టి రెండో మలుపు దాటేసరికి ఇంజను మోత పడిపోయింది. చూస్తే బండి న్యూట్రల్‌లో ఉంది. ఇంజను పట్టు లేకపోతే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. కాలిన వాసన అప్పటికే క్యాబిన్‌లోకి వస్తోంది.

"ఏటి సేత్తన్నావురా? గేరెయ్!" అన్నాను.

"నహీ బాబాయ్, ఝట్కా లగేగా." వెంటనే తెలుగులోకి వచ్చేశాడు. "కుదుపొత్తాది బాబాయ్! కాయిలు మన మీదకొచ్చేత్తాది!"

అతని భయం ఉత్తది కాదు. ఒక్కసారిగా బ్రేకు తొక్కితే కాయిల్ కదలవచ్చు. మెల్లగా తొక్కుతూ పోతే కింది మలుపుకు బ్రేకులు మిగలవు. ఎడమన లోయ, ఎదురుగా బస్సు. నా వైపు పెడల్ లేదని తెలిసీ కాలు నేలకేసి నొక్కుతున్నాను.

"బ్రేకు తొక్కి పట్టు, ఒగ్గీకు. జోరు తగ్గాక రేసిచ్చి మూడో గేరెయ్. గొలుసులు నువ్వే బిగించావు కదరా!"

మొదటిసారి గేరు పడలేదు, గరగరమంది. వెనక గొలుసు కిర్రుమంది. ఇద్దరం తల తిప్పలేదు. రెండోసారి పడింది. ఇంజను అరిచింది, బండి నిదానించింది. బస్సు మమ్మల్ని రాసుకున్నట్టే పోయింది.

ఘాటు దిగి ఆగేసరికి చక్రాల నుంచి పొగ వస్తోంది. సింహాచలం స్టీరింగు వదల్లేదు. అలాగే పట్టుకుని చెప్పాడు. వాళ్ల మావయ్య కూడా కాయిల్ బండే తోలేవాడట. గేరు దించితే ఆ కుదుపుకే గొలుసులు తెగుతాయని, ఘాటులో న్యూట్రల్‌లో వదిలెయ్యమని నేర్పాడట. ఆ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"భయమని సెప్తే బండిత్తారా, బాబాయ్?"

ఆ ట్రిప్పుకు నేను సరే అనలేదు. మరికొన్ని ట్రిప్పులు పక్కన కూర్చున్నాకే అన్నాను. తర్వాత వచ్చిన కొత్తవాళ్లతో దారి గురించి మాట్లాడే ముందు, దేనికి భయపడుతున్నారో అడిగేవాణ్ణి. చెప్పినందుకు బండి ఇవ్వకుండా ఆపనని ముందే మాటిచ్చేవాణ్ణి. ఏ భయమూ లేదన్నవాడికి మాత్రం ఘాటు దారి ఇచ్చేవాణ్ణి కాదు.