పెన్సిలు గీతల కింద అమ్మ

పోయిన వారం మా అపార్ట్‌మెంటులో కిటికీలకు రంగులు వేస్తున్నారు. మెట్లెక్కుతుంటే టర్పెంటైన్ వాసన గుప్పుమని కొట్టి, ఉన్నచోటనే కూర్చుండిపోయాను. పెయింటర్ కంగారుపడి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అరవై ఏళ్ల మనిషికి చిన్నప్పటి ఇల్లంతా ముక్కులోకొచ్చి కూర్చుందని అతనికెలా చెప్పను?

మా నాయినకు చిలకలగూడలో ఫొటో స్టూడియో ఉండేది. ముందు గదిలో స్టూడియో, వెనక రెండు గదుల్లో మేము. ఆషాఢంలో ముసురు పట్టి ప్రింట్లు ఆరకపోతే వంటింట్లో దండెం కట్టి, పోపు వాసనల మధ్యే క్లిప్పులు పెట్టి ఆరేసేవాడు. పప్పు ఎనుపుతున్న అమ్మ నెత్తిమీద ఎవరింటి పెళ్లికొడుకులో, ఎవరింటి తాతలో తడితడిగా వేలాడుతుండేవాళ్లు. "ఈ పెండ్లికొడుకు నా పప్పుల పడేటట్టున్నడు, జెర తియ్యి" అని అమ్మ విసుక్కునేది.

నాయిన పనితనమంతా రీటచింగ్‌లోనే ఉండేది. పొద్దున వెలుతురు బాగా వచ్చే వేళకు కిటికీ దగ్గర ఏటవాలు చెక్కపెట్టె ముందు కూర్చుని, పోస్టుకార్డంత నెగెటివ్‌ను దాని గాజుపలక మీద పెట్టి, టర్పెంటైన్ కలిసిన మందును దూదితో పల్చగా రుద్ది, గరుకు కాగితం మీద సూదిమొనలా అరగదీసిన పెన్సిలుతో సన్నసన్న గీతలు గీసేవాడు. ముఖం మీది మచ్చ నెగెటివ్‌లో తెల్లచుక్కగా కనబడుతుంది. ఆ చుక్కను పెన్సిలుతో నింపితే ప్రింటులో మచ్చ మాయం. జనం అందుకోసమే బొల్లారం నుంచి కూడా వచ్చేవాళ్లు.

అమ్మ ముఖం నిండా గుంతలే. చిన్నప్పుడు అమ్మవారు పోసి, బతకదనుకున్న పిల్ల బతికిందట. మధ్యాహ్నాలు ఆమె పక్కన పడుకుని ఆ గుంతల్ని వేలితో లెక్కపెడుతూ నిద్రపోయేదాన్ని. ఒక కనుబొమ్మ కింద మూడు గుంతలు పొయ్యిరాళ్లలా ఉండేవి. అక్కడికొచ్చేసరికి లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

ఒక ఏడు బోనాల రోజున, బోనమెత్తి గుడికి పోయి వచ్చిన అమ్మను, పసుపు ముఖంతో, పట్టుచీరతో, కొప్పులో వేపరెమ్మతో ఉన్నదాన్ని ఉన్నట్టే నాయిన బతిమాలి కెమెరా ముందు కూర్చోబెట్టాడు. ఎన్నడూ ఫొటో దిగని మనిషి, ఆ రోజెందుకో నవ్వుతూ కూర్చుంది. వారం తర్వాత పెద్ద ప్రింటు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అమ్మ చాలాసేపు చూసింది.

"ఎవలీమె?" అంది.

"నువ్వేనే! ఎట్లున్నవో సూడు, సిన్మా హీరోయిన్ లెక్క."

"అమ్మోరు నన్ను ఇడిసిపెట్టి పోయిన గుర్తులయ్యా గవి. ఆమెకు బోనమెత్తి వస్తే, ఆమె గుర్తులే తుడిసేస్తివా? గిన్నేండ్ల సంది నా మొఖం సూడబుద్ధే కాలేదా నీకు?"

నాయిన తెల్లబోయాడు. పాపం, ప్రేమతోనే చేశాడు. ఊరందరికీ చేసిన అలవాటుతో సొంత భార్యకీ చేశాడు. టర్పెంటైన్‌తో తుడిచి మళ్లీ ప్రింటు వేస్తానన్నాడు. "ఏమొద్దు పో" అంది అమ్మ. ఆ తర్వాత మళ్లీ ఫొటో దిగలేదు. నేను పదో తరగతిలో ఉండగా కామెర్లతో పోయింది. ఉన్న ఒక్క ఫొటో అదే కాబట్టి, దండ ఆ నున్నటి ముఖానికే వేశాం. నెగెటివ్ తుడవమని ఏడిస్తే నాయిన, "ఇంకెవలికి సూపియ్యాలె బిడ్డా" అని దాన్ని రేకు డబ్బాలో పెట్టి మూతపెట్టేశాడు. ఆయనా పోయి ఏళ్లయింది.

రోజూ ఆ నున్నటి ముఖానికే దండం పెట్టీ పెట్టీ, నేను అమ్మ ముఖమే మరిచిపోయాను. ఆ మూడు గుంతలు ఏ కనుబొమ్మ కిందివో ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. నిరుడు నెగెటివ్ పట్టుకుని బేగంపేటలో డిజిటల్ ల్యాబ్‌కు వెళ్లాను. కుర్రాడు మంచివాడే, కంప్యూటర్లో ఎంతో పెద్దది చేసి చూపించాడు.

"ఫేస్ మొత్తం ప్లెయిన్ ఉంది మేడం. మచ్చలు యాడికెళ్లి తేవాలె? గావాల్నంటే కొత్తగ పెడ్త. ఎన్ని పెట్టాల్నో, ఏడేడ పెట్టాల్నో చెప్పుండ్రి."

అదే తెలిస్తే అతని దగ్గరికి ఎందుకు పోతాను!

పోయిన వారం ఆ వాసనతోనే, టర్పెంటైన్‌తో తుడుస్తానన్న నాయిన మాట గుర్తొచ్చింది. మెట్ల మీదినుంచి లేచి, పెయింటర్‌నడిగి ఒక గిన్నెలో కాస్త టర్పెంటైన్ పోయించుకున్నాను. కిటికీ దగ్గర కూర్చుని, దూది ముంచి, నెగెటివ్‌లో అమ్మ బుగ్గల మీద, కనుబొమ్మల కింద మెల్లగా అద్దాను. నెగెటివ్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చుక్కచుక్కగా తెల్లటి గుంతలు బయటపడ్డాయి. మూడు, ఎడమ కనుబొమ్మ కింద. "అమ్మా!" అని గట్టిగా ఏడ్చేశాను.

చిలకలగూడలో మా స్టూడియో ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఆ చెక్కపెట్టె లేదు, ప్రింట్లు ఆరిన దండెం లేదు. నాయిన చేతి పని నా దగ్గర మిగిలింది ఆ ముఖం మీదే, దాన్నీ నా చేత్తోనే తుడిచేశాను. దూది బూడిదరంగుకు తిరిగింది. చెత్తబుట్ట దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, దాన్ని రేకు డబ్బాలో అమ్మ నెగెటివ్ పక్కనే పెట్టాను.