రాధాబాయి మొక్కిన సముద్రం

జమున సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. గార్ల దగ్గరి తండాలో పుట్టి, మానుకోటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న పిల్ల. ఆమెకు తెలిసిన పెద్ద నీళ్లంటే వానాకాలపు మున్నేరే. అలాంటిది గదిలో, పుస్తకాలు పెట్టుకునే బల్ల మీద సముద్రాన్ని పెడతానంటే నవ్వరా మరి? హాస్టల్ పిల్లలంతా కడుపుబ్బ నవ్వారు.

మామూలు రంగు చేపల తొట్టి అయితే ఎవరూ ఏమీ అనకపోయేవారు. ఈమెకు కావలసింది ఉప్పునీళ్లు, ఆ నీళ్లలో బతికే పగడాలు, ఒక రొయ్య. రొయ్యకు మహారాణి అని పేరు కూడా పెట్టేసింది. గదిలో తోటి పిల్ల రజిత పడీపడీ నవ్వి, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! నీళ్లే లేవు గదనే, గప్పుడే రొయ్యకు పేరేంది?" అంది. వార్డెన్ ఊర్మిళ మేడమ్ అయితే నవ్వలేదు. "జర వాసనొచ్చినా బయట పారబోపిస్త, తర్వాత నన్ననొద్దు" అని మాత్రం చెప్పి పోయింది.

వీళ్లందరి సంగతి సరే, అసలు చిక్కు తల్లితో. రాధాబాయి మిరపతోటల్లో కూలికి పోయే మనిషి. ఆమె ఊ అంటేనే ఇంట్లో ఏదైనా జరుగుతుంది. తల్లీకూతుళ్లు మాట్లాడుకునేది లంబాడీలోనే అయినా, మన సౌకర్యానికి తెలుగులో చెప్పుకుందాం; 'యాడీ' అంటే అమ్మ. "సేపలు కూరకు గాని సదువుకా? డిగ్రీ అయినంక సప్పుడు జెయ్యక నర్సింగుల చేరు" అనేది రాధాబాయి. జమునేమో పైచదువుకు చేపల చదువే చదవాలని కూర్చుంది. ఉడుంపట్టు అంటారే, అది తల్లి దగ్గర నేర్చుకున్నదే. "ఒక్కసారి వచ్చి చూడు యాడీ. చూసినంక నువ్వేమంటే గదే" అని మాటిచ్చేసింది. తల్లి ఔననడమో కాదనడమో ఇక ఆ తొట్టి మీదే ఆధారపడింది.

తొట్టి చిన్నదైతే పని సులువని మనం అనుకుంటాం. ఉత్త మాట! చెరువులో చెంబెడు మురికి పడితే చెరువుకు తెలియను కూడా తెలియదు. చెంబులో చిటికెడు పడితే చెంబంతా పాడు. అందుకే జమున ముందే అన్నీ ఆలోచించి పెట్టుకుంది. రజిత మెస్సులోంచి గుప్పెడు ఉప్పు తెచ్చి "ఇదిగో నీ సముద్రం" అంటే తలబాదుకుంది. వంట ఉప్పు పనికిరాదు, సముద్రపు తొట్లకనే అమ్మే ఉప్పుంటుంది. దాన్ని స్కాలర్‌షిప్ డబ్బులతో హైదరాబాద్ నుంచి తెప్పించి, క్యాన్ల నీళ్లలో కలిపింది. కరెంటు పోతే గాలి ఆడించడానికి బ్యాటరీ మోటరు సిద్ధం చేసింది. ఎండలకు నీళ్లు కాగకుండా చిన్న ఫ్యాను పెట్టింది. ఆవిరైపోయేది నీళ్లే గాని ఉప్పు కాదు కాబట్టి, తగ్గినంత మేర రోజూ మంచినీళ్లే పోసేది. తొట్టిలో రాళ్లు పేర్చి, నీళ్లు కుదురుకునేదాకా వారాల తరబడి ఊరికే ఉంచింది. ఊర్మిళ మేడమ్ తొంగిచూసి "ఏందే, రాళ్లను పెంచుతున్నవా?" అని అడిగింది. జమున తగ్గిన నీళ్లు కొలిచి పోస్తూనే ఉంది.

చివరికి పగడాలు వచ్చి పూలలా విచ్చుకున్నాయి, మహారాణి వచ్చింది. ఎర్ర చారల రొయ్య మీసాలాడిస్తూ రాతి మీద తిరుగుతుంటే నవ్విన పిల్లలే గుమ్మంలో గుమిగూడారు. అప్పుడు తల్లికి కబురు పంపింది.

రాధాబాయి జొన్నరొట్టెలు మూటకట్టుకుని ప్యాసింజర్ బండిలో దిగింది. గది బయటే చెప్పులు విడిచింది. తొట్టి ముందు కూలబడి చూసింది. మెల్లగా వేలు ముంచి నాలుక్కి రాసుకుంది.

"ఉప్పే!" అంది. "నిజంగనే సముద్రం. గిది నువ్వే చేసినవా బిడ్డా?"

జమున చాయ్ తెస్తానని మెస్సుకు పరుగెత్తింది. సాయంత్రం బండెక్కేముందు రాధాబాయి కూతురి తల నిమిరి, "నీకిష్టమున్న సదువే సదువుకో. నర్సింగు ముచ్చట నేనిగ ఎత్తను" అంది. ఆ రోజు జమునకు భూమ్మీద కాలు నిలిస్తే ఒట్టు.

ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. పగడాలు ముడుచుకున్నాయి, మళ్లీ విచ్చుకోలేదు. మహారాణి ఓ మూల ఒరిగి చచ్చిపోయింది. ఏం తప్పు చేశానో అని జమున తిండి మానేసి నీళ్లు పరీక్షించింది, ఏమీ తేలలేదు. రాళ్లెత్తి చూస్తే అడుగున పచ్చబారిన రాగి పైసా ఒకటి కనిపించింది, దానికి కుట్టు చిల్లు ఉంది. అమ్మమ్మ పాత కాంచళి అంచుకు కుట్టిన పైసా అది. రాధాబాయి ఆ రవికెను పెట్టెలో ప్రాణంగా దాచుకుంది. మున్నేరు దాటినా గోదారి దాటినా పైసా వేసి మొక్కే మనిషి, సముద్రానికి మొక్కకుండా ఉంటుందా? కూతురు చాయ్‌కి పోయినప్పుడు, ఇంటి నుంచి తెంపి తెచ్చుకున్న ఆ పైసా వేసి మొక్కింది. కానీ ఉప్పునీళ్లలో కరిగిన రాగి రొయ్యలకు, పగడాలకు విషం. రాళ్లకు కూడా పట్టేసింది. అన్నీ పారేయడం తప్ప దారిలేదు.

జమున వెక్కివెక్కి ఏడ్చింది. పాపం, ఎవరిని తిట్టగలదు? ఇంతలో ఫోను. "ఆదివారం పక్కింటి గట్టమ్మను తోలుకొస్తున్న. తండ అంతా చెప్పిన నీ సముద్రం గురించి" అని తల్లి ఒకటే మురిపెం. సంగతి చెప్పకుండానే జమున "రా యాడీ" అని ఫోను పెట్టేసింది. "కరెంటు పోయి చచ్చినయని చెప్పు. నీ అమ్మ మనసు నొప్పియ్యకు" అని రజిత సలహా ఇచ్చింది.

ఆదివారం రాధాబాయి గట్టమ్మతో వచ్చింది. కడిగి బోర్లించిన తొట్టి చూసి నిలబడిపోయింది.

"కరెంటు పోయింది యాడీ. అన్ని చచ్చిపోయినయ్" అంది జమున, నేల చూస్తూ.

కరెంటోళ్లను దులిపేస్తుందనుకుంది. కానీ రాధాబాయి మంచం మీద కూర్చుని గట్టమ్మతో అంది: "నన్ను గన్న అవ్వ కాంచళికున్న పైస తెంపి వేసిన. బిడ్డ సముద్రం సల్లగుండాలని మొక్కిన. గంగమ్మ ఒల్లలేదు సూడు. నా సెయ్యే మంచిది కాదు."

జమున తల్లిని కాపాడబోయి ఎంత పని చేసింది! ముందుకొచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది.

"కరెంటు పోలేదు యాడీ. అబద్ధం చెప్పిన. నీ పైస అందింది. రాగి ఆ నీళ్లల్ల కరిగింది, అండ్ల బతికేటియి రాగికి ఓర్సుకోలేవు. అందుకే పోయినయ్."

రాధాబాయి కళ్లు తుడుచుకుంది.

"సముద్రం గద, ఎంతేసినా ఓర్సుకుంటదనుకున్న. పసిదని ఎరుకలేకపాయె" అంది. లేచి తొట్టిని తనే తిప్పి నిలబెట్టింది. "మల్ల నింపు బిడ్డా. గీపారి ఉత్త సేతులతోనే మొక్కుత."